చరిత్ర, యాత్ర, ప్రాణగండం: ఈ మూడింటినీ చెవితో చదవడం గురించి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. చరిత్ర, యాత్రలు, చావు అంచుదాకా వెళ్లి బతికి వచ్చినవాళ్ల కథలు మీకు ఇష్టం. కూర్చుని చదివే తీరిక దొరక్క ఆడియో పుస్తకాలు మొదలుపెట్టారు. రెండు పుస్తకాలు సగంలోనే ఆగిపోయాయి. పేర్లు గుర్తుండటం లేదు, సంవత్సరాలు కలగాపులగం అవుతున్నాయి, మనసు ఎటో వెళ్లిపోతోంది. ‘అందరూ చెప్పే ఆనందం ఇందులో ఎక్కడుంది? అసలు వినడం చదవడమేనా?’ అని అడిగారు.

నేను పదిహేనేళ్లకు పైగా ఈ మూడు రకాల పుస్తకాలే ఎక్కువగా వింటున్నాను. అందులో ఆరేళ్లు చూపులేని విద్యార్థుల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేశాను. మైకుకు ఇవతల కూర్చున్న అనుభవం, అవతల కూర్చున్న అనుభవం రెండూ ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు రెండో ప్రశ్న. మన భాషలో విద్వాంసుణ్ణి బహుశ్రుతుడు అంటాం. బాగా విన్నవాడు అని దాని అర్థం. ఆ మాట పుట్టించినవాళ్లకు వినడం తక్కువరకం చదువు అన్న అనుమానమే లేదు. ఇప్పటి పరిశోధన కావాలంటే అదీ ఉంది. అమెరికాలో 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో పెద్దవాళ్లను మూడు జట్లు చేసి, ఒకే పుస్తకంలోని భాగాలను ఒక జట్టు చేత చదివించారు, ఒక జట్టుకు వినిపించారు, మూడో జట్టుకు చదువుతూ వినమన్నారు. వెంటనే పెట్టిన పరీక్షలోనూ, రెండు వారాల తరువాత పెట్టిన పరీక్షలోనూ జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ పరీక్షకు ఎంచుకున్న పుస్తకం సరిగ్గా మీకు నచ్చే రకమే. 1943లో విమానం కూలి, పసిఫిక్ మహాసముద్రంలో 47 రోజులు తెప్ప మీద కొట్టుకుపోయిన లూయీ జాంపెరీనీ అనే సైనికుడి జీవితకథ అది. తెప్ప మీద చిక్కుకున్న వాళ్లు ఒకరినొకరు ప్రశ్నలు వేసుకుంటూ, పాత జ్ఞాపకాలు చెప్పుకుంటూ మతి చెడకుండా కాపాడుకున్నారు. ఒకరు చెప్పడం, ఇంకొకరు వినడం. వాళ్ల దగ్గర మిగిలిన మందు అదొక్కటే.

అలాగని అన్నిటికీ చెవే మేలని నేను అనను. పట్టికలు, సూత్రాలు, మళ్లీ మళ్లీ వెనక్కి చూసుకోవలసిన వాదం ఉన్న పుస్తకమైతే కాగితమే సరైనది. పరీక్షకు చదవాల్సినది వింటూ నేర్చుకోవాలని చూసినవాళ్లు ఇబ్బందిపడటం నేను దగ్గర నుంచి చూశాను. కానీ మీరు అడిగిన మూడు రకాల దగ్గర మాత్రం చెవిదే పైచేయి అని నమ్ముతాను. దానికి కారణం ఉంది.

ఈ కథల్లో చాలా వాటికి నోరే పుట్టిల్లు. మార్కో పోలో తన యాత్రలను కలం పట్టి రాయలేదు. 1298 ప్రాంతంలో జెనోవా చెరసాలలో ఉన్నప్పుడు, తనతో పాటు బందీగా ఉన్న రుస్తికెల్లో అనే పీసా రచయితకు చెప్పాడు, ఆయన రాసుకున్నాడు. ఇబ్న్ బతూతా ఇరవై ఒక్క ఏళ్ల వయసులో 1325లో టాంజియర్ నుంచి బయలుదేరి ఇంచుమించు ముప్పై ఏళ్లు తిరిగాడు. తరువాత మొరాకో సుల్తాను ఆజ్ఞ మీద ఆయన చెబుతూ ఉంటే ఇబ్న్ జుజయ్ అనే పండితుడు 1355 నాటికి గ్రంథంగా కూర్చాడు. హ్యూయన్‌త్సాంగ్ 645లో చైనాకు తిరిగి వెళ్లి, తాను చూసిన రాజ్యాల గురించి చెబుతుంటే శిష్యుడు బియాన్‌జీ అక్షరబద్ధం చేశాడు. విజయనగరాన్ని చూసి వెళ్లిన తొలి ఐరోపావాళ్లలో ఒకడైన నికొలో కాంటీ తన ప్రయాణాన్ని పోపు కార్యదర్శి పోజోకు నోటితోనే చెప్పాడు.

ఎదురుగా ఊఁ కొట్టే మనిషి ఉన్నాడని తెలిసి చెప్పిన మాటలివి. కాగితం మీద వీటిని చదివినప్పుడు నన్ను విసిగించిన విషయం ఒకటుంది. ‘ఆ పట్టణం విడిచి మూడు రోజులు ప్రయాణం చేస్తే ఇంకో పట్టణం వస్తుంది, అక్కడి నుంచి అయిదు రోజులు వెళితే మరొకటి’ అని పేజీ పేజీకీ అదే వరస. కన్ను ఆ వాక్యాలను దాటేస్తుంది. అదే పుస్తకాన్ని ఒక మంచి గొంతులో విన్నప్పుడు ఆ వాక్యమే నాకు ఇష్టమైపోయింది. ‘అక్కడి నుంచి అయిదు రోజులు’ అని గొంతు ఒక్కసారి దిగి ఆగుతుంది. ఆ ఆగిన చోట ఒంటెలు నడుస్తాయి. చెప్పేవాడు ఊపిరి తీసుకోవడానికి, వినేవాడు దూరాన్ని ఊహించుకోవడానికి పెట్టుకున్న మెట్టు అది. అచ్చులో కనిపించని మెట్టు.

నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. చరిత్రకైనా, యాత్రకైనా, ప్రాణగండానికైనా ముడిసరుకు కాలం. కన్ను కాలాన్ని దాటేయగలదు. రెండు పేరాలు వదిలేయవచ్చు, అధ్యాయం చివరికి ఒక చూపు వేయవచ్చు, చేతిలో ఇంకా ఎన్ని పేజీలున్నాయో కుడిచేతి వేళ్లకు తెలుస్తూనే ఉంటుంది. చెవికి ఆ సదుపాయం లేదు. ఎదురుచూడాలి. మంచులో చిక్కుకున్న ఓడలోని మనిషి ఎలా ఎదురుచూశాడో, వంద మైళ్లు నడవాల్సిన యాత్రికుడు ఎలా ఎదురుచూశాడో, అందులో వెయ్యో వంతైనా మనమూ ఎదురుచూడాలి. నాకు దొరికిన ఆనందం ఆ ఎదురుచూపులోదే.

యాత్రల సంగతి తీసుకోండి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. వెంట వందమంది దాకా పరివారం. దారి పొడుగునా మజిలీ తరువాత మజిలీ రాసుకుంటూ వెళ్లారు. దారి రాళ్లదా ఇసుకదా, నీళ్లకు ఏరుందా బావి ఉందా, దిగడానికి చోటుందా లేదా. ఆ వివరాలు స్నేహితుడికి తెలియజేయడానికి రాసినవి. నేను దాన్ని చూపులేని విద్యార్థుల కోసం రికార్డు చేయడానికి కూర్చున్నప్పుడు మొదటి రోజు భయపడ్డాను, ఇన్ని ఊళ్ల పేర్లు, ఇన్ని దూరాలు ఎవరు వింటారని. నాలుగో రోజుకు నా చదవడమే మారిపోయింది. నది దాటే మజిలీ రాగానే గొంతు దానంతట అదే నెమ్మదించింది. తరువాత ఒక విద్యార్థి నాతో అన్న మాట మరిచిపోలేను. ‘మీరు ఏరు దాటిన చోట చదివిన తీరుకు నాకు కాళ్లు తడిసినట్టు అనిపించింది’ అన్నాడు. యాత్రాపుస్తకం వినేవాళ్లకు అప్పటి నుంచి నేను చెప్పేది ఒకటే. అధ్యాయాల లెక్కలో వినకండి, మజిలీల లెక్కలో వినండి. రోజుకు ఒకటో రెండో మజిలీలు చాలు.

చరిత్ర దగ్గరే మీలాంటి చాలామంది ఆగిపోతారు. మీరు సగంలో వదిలేసిన రెండు పుస్తకాలు ఏవో రాయలేదు. వెయ్యేళ్ల సామ్రాజ్య చరిత్రో, ఒక ఖండం మొత్తం కథో అయి ఉంటుందని నా అనుమానం. అలాంటివి చెవికి బరువు. రాజు తరువాత రాజు, యుద్ధం తరువాత యుద్ధం వస్తుంటే పేర్లను పట్టుకుని నిలబెట్టే కొక్కెం ఏదీ ఉండదు. చెవికి ఇరుకైన చరిత్ర కావాలి. ఒక ముట్టడి, ఒక ఓడ, ఒక సంవత్సరం, ఒక తెగులు, ఒక విచారణ. పాత్రలు పది మందికి మించకూడదు. వాళ్లు ఉత్తరాలు రాసుకుని ఉంటే, సాక్ష్యాలు చెప్పి ఉంటే ఇంకా మంచిది. చనిపోయి రెండు వందల ఏళ్లయిన మనిషి ఉత్తరాన్ని ఒక మనిషి గొంతు చదువుతుంటే, ఆ ఉత్తరం అందుకున్నవాళ్ల స్థానంలో మనం కూర్చుంటాం.

చెవికి ఎంత చరిత్ర చేరిందో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటి. 1883 ఆగస్టు 27న ఉదయం పది గంటలు దాటగానే ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ చప్పుడు హిందూ మహాసముద్రం దాటి సుమారు 4,800 కిలోమీటర్ల దూరంలో, మారిషస్ దగ్గరి రోడ్రిగ్స్ దీవిలో వినిపించింది. చేరడానికి నాలుగు గంటలు పట్టింది. అక్కడివాళ్లు దూరంగా ఎక్కడో ఫిరంగులు పేలుతున్నాయనుకున్నారు. ఈ సంగతి నేను అంతకుముందే చదివి ఉన్నాను, ఒక విశేషంగా గుర్తుంది, అంతే. వింటున్నప్పుడు మాత్రం ఆ నాలుగు గంటలు నన్ను పట్టుకున్నాయి. పేలుడు దగ్గర వేలమంది ఉప్పెనలో కొట్టుకుపోతున్నారు, చప్పుడు ఇంకా సముద్రం మీద దారిలోనే ఉంది, ఆ దీవిలో మనుషులు మామూలుగా తమ పనులు చేసుకుంటున్నారు. చదివే ఆయన ఆ భాగాన్ని ఏ హడావిడీ లేకుండా చదివాడు. నేను చేస్తున్న పని ఆపేశాను.

ఇక ప్రాణగండం కథలు. వీటి గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నన్ను ఈ అలవాటులోకి లాగినవి ఇవే.

ఈ కథలన్నిటిలో చెవి పని చేస్తూ ఉంటుందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆకలి, చలి, దాహం అని మనం అనుకుంటాం గానీ, బతికినవాళ్లు చెప్పినవి గమనించండి, కీలకమైన చోట ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు ఉంటుంది. 1971 డిసెంబరు 24న పెరూ దేశపు అడవి మీద విమానం గాలిలోనే ముక్కలైంది. అందులోని 92 మందిలో పదిహేడేళ్ల యూలియానె కోప్కె ఒక్కతే బతికింది. సీటు బెల్టుతో సహా సుమారు మూడు వేల మీటర్ల ఎత్తు నుంచి పడింది. వెతికే విమానాల హోరు ఆమెకు వినిపించేది. చెట్ల గొడుగు కింద ఉన్న ఆమె మాత్రం వాళ్లకు కనిపించలేదు. తల్లి పక్షుల శాస్త్రవేత్త. ఆ తల్లి దగ్గర పెరిగిన పిల్ల కాబట్టి, ఒక చోట హోట్జిన్ అనే పక్షుల అరుపు విని గుర్తుపట్టింది. అవి పెద్ద నీటి ఒడ్డునే గూడు కట్టుకుంటాయని ఆమెకు తెలుసు. దగ్గరలో నది ఉందన్నమాట. వాగు వెంట వెళితే మనుషులు దొరుకుతారన్న తండ్రి మాట పట్టుకుని నడిచింది. పదకొండో రోజున మనుషులు దొరికారు. ఒక పక్షి కూతను గుర్తుపట్టడం మీద ప్రాణం ఆధారపడిన ఈ కథను కంటితో చదవడానికీ, చెవితో వినడానికీ ఎంత తేడా ఉంటుందో మీరే ఊహించండి.

మరుసటి సంవత్సరం 1972 అక్టోబరు 13న ఆండీస్ పర్వతాల్లో ఉరుగ్వే సైనిక విమానం కూలింది. ఎక్కినవాళ్లు 45 మంది, 72 రోజుల తరువాత మిగిలినవాళ్లు 16 మంది. వాళ్ల దగ్గర ఒక చిన్న ట్రాన్సిస్టర్ రేడియో ఉంది. తమ కోసం గాలింపు ఆపేశారన్న వార్తను వాళ్లు ఆ రేడియోలోనే విన్నారు. మంచు మీద, విరిగిన విమానం పక్కన నిలబడి తమ చావు వార్తను తామే వినడం అది. చివరికి నాండో పరాడో, రొబెర్తో కనెస్సా అనే ఇద్దరు యువకులు పది రోజులు కొండలు దాటి నడిచి ఒక నది ఒడ్డుకు చేరారు. అవతలి ఒడ్డున గుర్రం మీద ఒక పశువుల కాపరి కనిపించాడు. వీళ్లు అరిచారు. నది హోరులో ఏదీ వినిపించలేదు. అతను తిరిగి అరిచిన దానిలో వాళ్లకు చేరింది ఒకే ఒక్క మాట: ‘రేపు’. మర్నాడు అతను వచ్చి, కాగితాన్ని రాయికి కట్టి అవతలి నుంచి విసిరాడు. వీళ్లు తమ కథను దాని మీద రాసి మళ్లీ రాయికి కట్టి విసిరారు.

ఆ ‘రేపు’ దగ్గర మంచి గొంతు ఏం చేస్తుందో గమనించండి. అరవదు. నది అవతల నుంచి వచ్చిన మాట కాబట్టి చిన్నగా పలుకుతుంది.

ఇక్కడ గొంతుల గురించి చెప్పాలి, ఎందుకంటే ఆడియో పుస్తకాన్ని నిలబెట్టేదీ, పడగొట్టేదీ అదే. రికార్డింగు గదిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఏమిటంటే, ఏడుపు వచ్చే చోట చదివేవాడు ఏడవకూడదు. ప్రాణగండం కథ చెప్పేవాడు బతికి వచ్చినవాడు. వాడికి ఆ భయం అయిపోయింది. వాడు నిలకడగా చెబుతాడు, భయం వినేవాడికి పుడుతుంది. నటించే గొంతు ఆ పనిని వినేవాడి చేతిలో నుంచి లాగేసుకుంటుంది. పరదేశపు పేర్లు వచ్చినప్పుడు తడబడకుండా, అలాగని విసిరేయకుండా, ప్రతిసారీ ఒకేలా పలకాలి. ఒక పేరు మూడు రకాలుగా పలికితే వినేవాడి మనసులో ముగ్గురు మనుషులు తయారవుతారు. అంకెల దగ్గర ఒక అర క్షణం ఆగాలి. ఇవన్నీ చేయడానికి ముందురోజు రాత్రి పేజీలను పెన్సిలు గీతలతో నింపుకునేవాణ్ణి. అరగంట వినే భాగానికి గంటన్నర పట్టేది. కాగితం తిప్పిన చప్పుడు పడినా, కుర్చీ కిర్రుమన్నా ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదవాలి. కాబట్టి ఏ పుస్తకమైనా తీసుకునేముందు నమూనాగా వినిపించే అయిదు నిమిషాలు తప్పకుండా వినండి. చదివే మనిషి తొందరలో ఉన్నట్టు అనిపిస్తే, ప్రతి వాక్యాన్నీ ఒకే రాగంలో ముగిస్తూ ఉంటే, ఆ పుస్తకం ఎంత గొప్పదైనా వదిలేయండి. కాగితం మీద చదువుకోండి.

ఈ అలవాటు ఎవరి వల్ల మనదాకా వచ్చిందో కూడా ఒక మాట చెప్పాలని ఉంది. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫు కనిపెట్టి, మరుసటి ఏడాది దాని ఉపయోగాల జాబితా రాసినప్పుడే చూపులేనివారికి పుస్తకాలు వినిపించడాన్ని అందులో చేర్చాడు. అది నిజమవడానికి యాభై ఏళ్లు దాటింది. 1930లలో అమెరికాలో, బ్రిటన్‌లో మాట్లాడే పుస్తకాలు వచ్చాయి. ఒక్క పుస్తకానికి పెట్టెడు రికార్డులు పట్టేవి. బ్రిటన్‌లో 1935లో వాటిని మొదట అందుకున్నవాళ్లలో మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులు ఉన్నారు. తొలి విడతలో ఇచ్చిన వాటిలో ఒకటి నడిసముద్రంలో తుపానుకు చిక్కిన ఓడ కథ. మనం ఈరోజు ఫోనులో వింటున్నది వాళ్ల కోసం పుట్టినదే.

మనసు ఎటో వెళ్లిపోతోందన్నారు. ఇది వినడంలో తప్పు కాదు, చేతులకు ఇచ్చిన పనిలో తప్పు. చేతులు ఖాళీగా ఉంటే మనసు తిరుగుతుంది, చేతులకు మాటలతో కూడిన పని ఇస్తే మనసు అటు పోతుంది. ఉత్తరాలు చూసుకుంటూ, లెక్కలు రాసుకుంటూ వినలేరు. నడక, గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం, కుట్టుపని, ఇవి సరిగ్గా సరిపోతాయి. అన్నిటికన్నా నడక. యాత్రాపుస్తకానికి నడకను మించిన జోడు నేను చూడలేదు. అయితే వాహనాలు తిరిగే దారిలో రెండు చెవులూ మూసుకుని నడవకండి, ఒక చెవి దారికి వదలండి.

వేగం పెంచి వినే అలవాటు ఇప్పుడు బాగా వ్యాపించింది. వార్తలకు, ఉపన్యాసాలకు పెంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఈ మూడు రకాలకు మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. ఒకటిన్నర రెట్ల వేగంలో కథ అందుతుంది, ఎదురుచూపు పోతుంది. చదివేవాడు తెలిసి పెట్టిన విరామాలన్నీ నలిగిపోతాయి. అలాగే సంక్షిప్తం చేసినవి కాకుండా పూర్తి పాఠం ఉన్నవే తీసుకోండి. సంక్షిప్తంలో ముందుగా పోయేవి ఏమీ జరగని రోజులు. ఆ రోజులే ఈ కథలకు ప్రాణం.

పేర్ల సమస్యకు నేను చేసేది చెబుతాను. మొదటి గంట విన్నాక ఒక చిన్న కాగితం మీద పేర్లు నాలుగైదు రాసి, ఎదురుగా ఎవరు ఎవరికి ఏమవుతారో రాస్తాను. ఒక పటం తీసి దారి చూసుకుంటాను, వినేటప్పుడు కాదు, వినడం ఆపాక. ఊరు ఎక్కడుందో తెలిసిన తరువాత మర్నాడు ఆ పేరు చెవిన పడితే అది చప్పుడుగా మిగలదు, చోటు అవుతుంది. సంవత్సరాలను గుర్తుపెట్టుకోవాలన్న పట్టుదల వదిలేయండి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఉంటే చాలు. మనసు జారిందని గ్రహించిన వెంటనే అరనిమిషం వెనక్కి వెళ్లండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మూడుసార్లు వరుసగా వెనక్కి వెళ్లాల్సి వస్తే ఆ రోజుకు ఆపేయండి. నిద్రకు ముందు వినాలనుకుంటే కొత్త పుస్తకం వద్దు, ఒకసారి విన్నదాన్నే పెట్టుకుని, పావుగంటకు ఆగిపోయేలా గడియారం అమర్చుకోండి.

శబ్దం గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు 80 డెసిబెల్ స్థాయిలో వారానికి 40 గంటల దాకా సురక్షితమని చెబుతుంది. స్థాయి పెరిగేకొద్దీ గంటలు బాగా తగ్గిపోతాయి. చుట్టూ రొద ఉందని శబ్దం పెంచుతూ పోవడం కన్నా ఆ చోట వినడం మానేయడం మంచిది.

ఎక్కడ దొరుకుతాయని కూడా అడగవచ్చు. హక్కుల గడువు తీరిన పాత యాత్రాగ్రంథాలు, ఓడ ప్రయాణాల కథలు ఇంటర్నెట్‌లో లిబ్రివాక్స్ అనే చోట ఉచితంగా ఉన్నాయి. 2005లో మొదలైన ఆ సంస్థకు చదివేవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. ఇంగ్లీషువే ఎక్కువ, గొంతుల్లో హెచ్చుతగ్గులూ ఎక్కువే, నమూనా విని ఎంచుకోండి.

మొదట దేనితో మొదలుపెట్టాలంటే నా సలహా ఒకటే: షాకల్టన్ అనే అన్వేషకుడు అంటార్కిటికా వైపు చేసిన ఎండ్యూరెన్స్ ఓడ యాత్ర. దీని మీద చాలా పుస్తకాలున్నాయి, ఏది దొరికితే అది. మనుషులు 28 మంది, ముఖ్యమైన పేర్లు ఆరేడు, కథ ఒక్క దిక్కుగానే నడుస్తుంది. ఓడ 1914 డిసెంబరు 5న దక్షిణ జార్జియా దీవి నుంచి బయలుదేరింది. తరువాతి జనవరిలో వెడెల్ సముద్రపు మంచులో ఇరుక్కుంది. నెలల తరబడి మంచు ఒత్తిడికి దుంగలు మూలిగిన చప్పుడు, ఓడ నలిగిపోతున్న రోజున వరుసగా వచ్చి నిలబడి శోకం పెట్టినట్టు అరిచిన ఎనిమిది పెంగ్విన్‌లు. ఓడను వదిలినప్పుడు మనిషికి ఒక కిలో లోపు సామానే అన్నారు, కానీ హస్సీ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడి బాంజో వాద్యాన్ని మాత్రం వెంట తీసుకెళ్లాలని షాకల్టన్ పట్టుబట్టాడు. మనసుకు అది మందు అన్నాడు. 1915 నవంబరులో ఓడ మునిగింది. మంచు పలకల మీద, తరువాత పడవల్లో ఎలిఫెంట్ దీవికి చేరారు. అక్కడి నుంచి ఏడు మీటర్లు కూడా లేని పడవలో ఆరుగురు సుమారు 1,300 కిలోమీటర్ల సముద్రం దాటి, 1916 మే 10న దక్షిణ జార్జియాలో దిగారు. దిగింది జనం లేని ఒడ్డు. తిమింగలాల వేట కేంద్రం కొండలకు అవతల ఉంది.

షాకల్టన్, వర్స్‌లీ, క్రీన్ ముగ్గురూ బూటు అడుగులకు పడవ మరమేకులు బిగించుకుని, ఎవరూ దాటని ఆ కొండలెక్కారు. మధ్యలో ఒక చోట మిగతా ఇద్దరూ కూర్చున్నచోటే నిద్రపోయారు. తానూ నిద్రపోతే ముగ్గురూ లేవరని షాకల్టన్‌కు తెలుసు. అయిదు నిమిషాలకు వాళ్లను లేపి, అరగంట పడుకున్నారని చెప్పాడు. మే 20 ఉదయం ఆరున్నరకు, ఒక కొండ మీద ఉండగా, ఎక్కడో ఆవిరి ఈల మోగినట్టు అతనికి అనిపించింది. కేంద్రంలో మనుషులను నిద్రలేపే ఈల అయితే ఏడింటికి పనిలోకి పిలిచే ఈల కూడా మోగాలి. ఆ సంగతి మిగతా ఇద్దరికీ చెప్పాడు. ముగ్గురూ గడియారం ముల్లు వంక చూస్తూ నిలబడ్డారు. సరిగ్గా ఏడింటికి ఈల మోగింది. పదిహేడు నెలల తరువాత తమవాళ్లు కాని మనుషులు చేసిన చప్పుడు వాళ్ల చెవిన పడటం అదే మొదలు.

నేను విన్న రికార్డింగులో చదివే ఆమె గడియారం ముల్లు దగ్గర ఆగింది. రెండు మూడు క్షణాలు, అంతే. నా చేతిలో ఆరేయాల్సిన తడిబట్ట ఉంది, దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను. మీరు ఆ చోటికి వచ్చినప్పుడు రికార్డింగు ఆగిపోయిందేమోనని ఫోను ముట్టుకోకండి.